మామయ్య కాలి మీద దుంగ

మా మామయ్యకు ఉన్న కాలికన్నా లేని కాలితోనే మాకు పని ఎక్కువగా ఉండేది.

ఎడమ కాలు మోకాలి కింద జానెడు మిగిల్చి తీసేసి అప్పటికి ఎనిమిది నెలలైంది. తీసేసినా ఆ కాలు ఇంట్లోంచి పోలేదు. ఆయన మంచం అంచున కూర్చుంటే, మోకాలికి సూటిగా కింద, నేల మీద ఒక పాదం పట్టేంత చోటుంది. ఆ చోట ఎవరి అడుగు పడినా "కాలు! కాలు!" అని కేకపెట్టేవారు. మొదట్లో అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేది. తర్వాత చీపురును వంకర తిప్పి ఆ చోటు చుట్టూ ఊడవడం నేర్చుకుంది. మూడో నెల వచ్చేసరికి నేను కూడా అక్కడికి రాగానే పక్కకి తప్పుకుని నడిచేదాన్ని. తప్పుకున్నందుకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని, ఎందుకంటే నా ఉద్యోగమే కాళ్ళు చెయ్యడం.

మా వర్క్‌షాపు పెద్దాసుపత్రి వెనకవైపు, దుప్పట్లు ఉతికే గదికి ఆనుకుని ఉంటుంది. ఎప్పుడు చూసినా సబ్బు వాసన, ప్లాస్టర్ దుమ్ము. పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాను. కాలు పోయినవాళ్ళు వస్తారు. మిగిలిన భాగానికి అచ్చు తీసి, ఆ అచ్చు మీద మోడు దూరే గిన్నె చేసి, గిన్నె కింద పిక్క, పిక్క కింద పాదం బిగిస్తాను. లేని కాలు నొప్పెడుతోందని చెప్పినవాళ్ళని కనీసం వందమందిని చూసుంటాను. ఒకాయనకి లేని బొటనవేలు దురద. ఒకావిడకి లేని మడమలో ముల్లు. "కాలు పోయిన కబురు మీ మెదడుకింకా అందలేదండీ, అందుతుంది లెండి" అని నవ్వి పంపించేదాన్ని. పరాయివాళ్ళకి చెప్పడానికి ఏం, ఎన్నైనా చెప్తాం.

మామయ్యది దురదా కాదు, ముల్లూ కాదు. ఆయన కాలి మీద దుంగ ఉంది.

"దుంగ ఇంకా ఉందమ్మాయ్. ఎవరినైనా పిలిచి తీయించు" అనేవారు, టీ పెట్టమన్నంత మామూలుగా.

అది ఉత్తుత్తి దుంగ కాదు. ఎనిమిది నెలల ముందు తోట యార్డులో నిజంగానే ఒక దుంగ పడింది. ముందు మా ఆయన గుండెల మీద పడి, అక్కణ్ణుంచి దొర్లి మామయ్య పాదం మీద ఆగింది. పాదాన్ని ఆసుపత్రిలో తీసేశారు. మా ఆయన్ని ఆసుపత్రిదాకా తీసుకురావలసిన అవసరమే లేకపోయింది. ఆ సమయానికి దుంగల గుట్ట చాటున తండ్రీ కొడుకులు ఇద్దరే ఉన్నారు. ఎలా జరిగిందని పోలీసులు అడిగారు, తోట యజమాని అడిగాడు, అత్తయ్య అడిగింది. అందరికీ ఒకటే జవాబు, "దుంగ జారింది" అని. నేను మాత్రం అడగలేదు. అడిగితే నాకూ ఆ రెండు మాటలే దక్కుతాయని తెలుసు.

వాళ్ళిద్దరూ పనిచేసింది బాల్సా తోటలో. మామయ్య చెట్లు కొట్టేవారు, మా ఆయన అక్కడి రంపం మిల్లులో ఉండేవాడు. బాల్సా అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క చేతిలో పెడితే చాలు, కళ్ళు పెద్దవి చేస్తారు. చెక్కని చూసి చెయ్యి ఒక బరువుకి సిద్ధపడుతుంది, ఆ బరువు రాదు. గాలిమర రెక్కల లోపల దాన్నే నింపుతారు. పడవల అడుగు పలకల మధ్యన పెడతారు. పిల్లలు ఎగరేసే బొమ్మ విమానాలు దాంతోనే, నాటకంలో హీరో విలన్ నెత్తిన విరగ్గొట్టే కుర్చీ కూడా దాంతోనే. గోరుతో నొక్కితే గుంట పడుతుంది. మేకు కొడితే నిలవదు, జిగురే దిక్కు. మొద్దు కత్తి పెడితే తెగకుండా నలిగిపోతుంది. నేను చేసే కాళ్ళలో పిక్క భాగం ఇదే. కాలి ఆకారానికి చెక్కి, పైన బట్ట, రెసిన్ జిగురు పొరలు వేస్తే గట్టిగా అయిపోతుంది, బరువూ ఉండదు.

చెట్టు నాటిన ఐదారేళ్ళకే కోతకొస్తుంది. అంత తొందరగా పెరిగేదానికి ఆగే ఓపిక ఉండదు. కొట్టడం ఆలస్యమైతే నడిమధ్యలో నీరు పట్టి పాడైపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది, అది తోటలో పనిచేసేవాళ్ళకే బాగా తెలుసు. ఆ తేలికతనమంతా ఎండిన తర్వాతే. కొట్టినప్పుడు చెట్టులో చెక్కకన్నా నీళ్ళే ఎక్కువ. నడుమెత్తు పచ్చి దుంగని ఇద్దరు మగాళ్ళు ముక్కుతూ మోస్తారు. దాన్నే నెలల తరబడి ఆరబెడితే నేను చంకలో పెట్టుకుపోతాను.

దీనిమీదే మామయ్య ఒక తమాషా నడిపించేవారు. చెక్క కొనేవాళ్ళు తోట చూడటానికి వస్తే, పచ్చి దుంగల గుట్ట దగ్గరికి తీసుకెళ్ళేవారు. ఆ గుట్ట మీద బెరడుతో సహా బాగా ఎండబెట్టిన దుంగొకటి ముందే పెట్టించి ఉంచేవారు. చూడ్డానికి అన్నిటిలాగే ఉండేది. ఈయన చేతులు రుద్దుకుని, దీర్ఘంగా ఊపిరి పీల్చి, దాన్ని ఒక్క ఊపున భుజానికెత్తుకుని నడిచొచ్చేవారు. వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవారు. దుంగని దూదిలా ఎత్తేస్తాడని, తోటలో ఆయన్ని అందరూ 'దూది' అని పిలిచేది అందుకే.

చెక్కని తట్టి చూడటం నాకు నేర్పింది ఆయనే. వేలి కణుపుతో కొట్టాలి, చెవి దగ్గర పెట్టి వినాలి. ఎండినది టక్కుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. "తట్టకుండా చెక్కని నమ్మొద్దమ్మాయ్" అని పదిసార్లు చెప్పుంటారు. ఆయనకి అదొక పిచ్చి. తలుపులు తట్టేవారు, బల్లలు తట్టేవారు. మా పెళ్ళిలో నేను కూర్చోబోతున్న కుర్చీని కూడా తట్టి, "పర్లేదు, కూర్చో" అన్నారు. మా ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు ఫోటోలో ఉంది.

కాలు తీసేశాక ఆ పిచ్చి ముదిరింది. రోజంతా మంచం పట్టె మీద టక్, టక్, టక్. తట్టి, తల ఒక పక్కకి వంచి వినేవారు. తనకి కావలసిన చప్పుడేదో రావడం లేదన్నట్టు మళ్ళీ తట్టేవారు. ఒక మధ్యాహ్నం నేను వంటగదిలో గిన్నెలు తోముతున్నాను. టక్, టక్ అని వినిపించి ఆగింది. తర్వాత బరువుగా దబ్బుమని ఇంకోటి వినిపించింది. గబుక్కున వచ్చి చూశాను. ఆయన చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. మంచం పట్టె ఎండిన చెక్క, దబ్బుమనే అవకాశమే లేదు. ఆయన నా మొహంలోకి చూసి, "నీకూ వినపడిందా?" అన్నారు. లేదని చెప్పి లోపలికొచ్చేశాను. తోముతున్న గిన్నె చేతిలోంచి జారింది.

అలా ఎన్నాళ్ళైనా గడిచేదేమో. కానీ డాక్టరుగారు వచ్చి మోకాలు చూసి పెదవి విరిచారు. ఆ దుంగ కింద కాలు కదిలించకూడదని మామయ్య ఎప్పుడూ మోకాలు మడిచే ఉంచేవారు. "ఇంకో నెల ఇలాగే కూర్చుంటే మోకాలు ఇలాగే బిగుసుకుపోతుంది. అప్పుడు మీ కోడలు బంగారంతో కాలు చేసినా తొడగలేం. ఆ తర్వాత మంచమే" అన్నారు.

అత్తయ్య నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళి చేతులు పట్టుకుంది.

"ఊళ్ళో అందర్నీ నడిపిస్తావు కదమ్మా. ఈ ఒక్క మనిషినీ నిలబెట్టవే. కొడుకు ఎలాగూ లేడు. ఈయన కూడా మంచానికి అంటుకుపోతే నేను తట్టుకోలేనే."

మా ఆయన్ని నేను నిలబెట్టుకోలేకపోయాను. కనీసం ఈయన్నైనా నిలబెట్టాలి. అది జాలి మాత్రమే కాదు, పంతం కూడా.

నా జీవితంలో చేసినవాటిలోకెల్లా తేలికైన కాలు చేశాను. పిక్క కోసం పన్నెండు ముక్కలు తట్టి చూసి, తూచి, ఒకటి ఏరుకున్నాను. కొత్త బ్లేడు వేసి చెక్కాను. పాదంతో సహా తూస్తే కిలో దాటి నూరు గ్రాములు. మా వర్క్‌షాపులో అందరూ చేతుల్లోకి తీసుకుని చూసి మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉంది, దాచడం ఎందుకు.

ఇంటికి తెచ్చి తొడిగాను. అత్తయ్య ఒక పక్క, నేనొక పక్క. మామయ్య చెక్క పాదాన్ని నేల మీద, ఆ చోటులో ఆనించారు. ఆనీ ఆనకముందే మొహం పాలిపోయింది.

"బరువు! తీసెయ్! తీసెయ్యమ్మాయ్!"

తనే పీకి విసిరేశారు. అది గోడకి కొట్టుకుని వెనక్కి ఎగిరొచ్చి సరిగ్గా ఆ చోటులోనే పడింది. అది చూసి ఆయన పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు.

నాకు ఒళ్ళు మండింది. మూడు వారాల పని. కాలు తెచ్చి వంటింటి త్రాసు మీద పెట్టి ఆయన ముందుకి జరిపాను.

"చూడండి మామయ్యా! కిలో నూరు గ్రాములు! మీకున్న కాలు ఎంతుంటుందో తెలుసా? దానిముందు ఇదెంత? బరువంటారేంటి? నా పనిని ఇంత మాట ఎవరూ అనలేదు!"

ఆయన త్రాసు వైపు చూడనే లేదు. నెమ్మదిగా అన్నారు.

"నీ కాలు బరువని అన్లేదమ్మా. దుంగ అక్కడే ఉందిగా. నువ్వు కాలు చేసి తీసుకెళ్ళి దాని కిందే పెట్టావు."

నా కోపమంతా ఒక్కసారిగా చల్లారిపోయింది. ఆసుపత్రిలో మేం ఒక పద్ధతి వాడతాం. ఉన్న కాలి పక్కన అద్దం పెట్టి, అందులో రెండో కాలు కూడా కదులుతున్నట్టు చూపిస్తాం. కొందరికి నొప్పి తగ్గుతుంది. మాటలు వినని మెదడు కంటిని నమ్ముతుంది. మామయ్యకి ఇదివరకే అద్దం పెట్టి చూశాను. "దుంగ కింద పాదం ఆడిస్తావేంటి, నలిగిపోతుంది" అని మొహం తిప్పుకున్నారు. ఆ మాట ఇప్పుడు నాకు మళ్ళీ గుర్తొచ్చింది. ఆయనకి చూపించవలసింది కాలు కాదు. దుంగని తీయడం చూపించాలి.

మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి తోటకి వెళ్ళాను. మా ఆయన పోయాక అటువైపు వెళ్ళలేదు. గేటు, గుట్టలు, రంపం చప్పుడు, అన్నీ ఎప్పట్లాగే ఉన్నాయి. ఉండటమే నాకు నచ్చలేదు. యార్డు మేస్త్రీ నన్ను చూసి టోపీ తీసేశాడు. చిన్నప్పట్నుంచి మా ఆయన్ని ఎత్తుకు తిరిగిన మనిషి.

"ఆ దుంగ ఏమైంది మేస్త్రీ గారూ?"

ఆయన ఆరబెట్టే గది వైపు చెయ్యి చూపించాడు.

"రంపానికెక్కించడానికి ఎవ్వరూ ఒప్పుకోలేదమ్మా. బయట పారేద్దామంటే దాన్ని ముట్టుకోవడానిక్కూడా ఎవరూ రాలేదు. నేనే బెరడు తీసి, క్రేనుతో అటక మీద పెట్టించా. ఎనిమిది నెల్ల నుంచి వేడిగాలికి అక్కడే ఉంది. దాని కింద నిలబడి అన్నం కూడా తినరు ఎవరూ."

ఆరబెట్టే గదిలో వేడి మొహానికి కొట్టింది. మేస్త్రీ నిచ్చెన వేసి, తాడు కట్టి తనే కిందికి దించాడు. దించుతుంటే తాడు బిగుసుకోలేదు. అది నేను చూశాను, ఆయనా చూశాడు.

నా నడుమెత్తు దుంగ. నిలువునా ఒక పగులు, చివర్లలో నల్లటి చారలు, నడిమధ్యన ఎర్రగా ఒక మరక. కొట్టడం ఆలస్యమై నీరు పట్టిన చెట్టుదని చూడగానే తెలిసింది.

"దీన్ని దూదే ఏరుకున్నాడమ్మా" అన్నాడు మేస్త్రీ. "తమాషా దుంగ పాతబడింది, కొత్తది ఎండబెట్టాలని దానంతే కొలిచి కోయించాడు. ఆరబెట్టే గదిలో చోటు లేక రెండూ ఒకే గుట్ట మీద ఉన్నాయి. ముందురోజు వానొచ్చింది. తడిసి రెండూ ఒకేలా ఉన్నాయి."

"అయితే? జారింది కదా."

మేస్త్రీ గోడ గూట్లోంచి ఒక చిన్న చెక్కముక్క తీసి నా చేతిలో పెట్టాడు. దుంగలు దొర్లకుండా అడ్డం పెట్టే ముక్క. అది కూడా బాల్సాయే, తోటలో ఏ ముక్క కావాలన్నా బాల్సాయే.

"ఇది ఆ దుంగకి పెట్టిన అడ్డుచెక్క. పక్కనే పడుంది. పోలీసులకి చూపించలేదు. నీకు చూపించకపోతే మాత్రం నాకు నిద్ర పట్టదు. నీకు చెక్క తెలుసు కదమ్మా, నువ్వే చూడు."

తిప్పి చూశాను. అంచులు పదునుగా ఉన్నాయి. నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయి. బొటనవేలి గోరుతో నొక్కాను, ఠక్కున గుంట పడింది. అంత మెత్తటి ముక్క మీదుగా నీళ్ళతో నిండిన దుంగ జారితే, ఇది అప్పడంలా నలిగిపోయి ఉండాలి. దీని మీద గీత కూడా లేదు. జారడానికి ముందే ఎవరో దీన్ని తీసేశారు. అక్కడ ఉన్నది ఇద్దరే.

చెక్కముక్కని సంచిలో వేసుకున్నాను. దుంగ దగ్గరికెళ్ళి వంగాను. మేస్త్రీ సాయం పట్టబోతే వద్దన్నాను. కాళ్ళు ఎడం చేసి, ఊపిరి బిగబట్టి, నా మనిషిని చంపిన బరువుకి సిద్ధపడి పైకి లాగాను. అది లేచొచ్చేసింది. అంత బలంతో లాగినందుకు నేను వెనక్కి తూలి గోడకి కొట్టుకున్నాను. మూడేళ్ళ పిల్లనెత్తుకున్నట్టుంది. అంతే.

"ఇంతేనా?" అన్నాను. "మేస్త్రీ గారూ, ఇంతేనా ఇది?"

దాన్ని కావిలించుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. అంతవరకూ నేను సరిగ్గా ఏడవలేదని అప్పుడే తెలిసింది. ఆ రోజున ఇది ఇంత తేలిగ్గా ఉంటే ఏం పోయేది?

తోట వ్యానులో దుంగతో సహా ఇంటికొచ్చేసరికి పదకొండు దాటింది. అత్తయ్య కూరలు తేవడానికి వెళ్ళింది. దుంగని భుజాన పెట్టుకుని గుమ్మం దాటాను. మామయ్య మంచం అంచున మోకాలు మడుచుకుని కూర్చున్నారు. తల ఎత్తి చూశారు. నేను తెచ్చిందేంటో చెప్పక్కర్లేకపోయింది. తడుతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

తిన్నగా వెళ్ళి ఆ చోటులో, పాదం ఉండవలసిన చోట, దుంగని పడుకోబెట్టాను. ఆయన పళ్ళు కరుచుకున్నారు. నుదుటి మీద చెమటలు పోశాయి.

"ఇదే" అన్నారు. "ఇదేనమ్మా. తియ్యి."

వంగబోయాను. అప్పుడు సంచిలో ఉన్నది గుర్తొచ్చింది. నేను దానికోసం రాలేదు. ఆయన్ని నిలబెట్టడానికే వచ్చాను, ఆ మాట నిజం. కానీ నా నడుం వంగలేదు. అడ్డుచెక్క తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఇది నలగలేదు మామయ్యా."

ఆయన దాన్ని చూశారు. వేలి కణుపుతో ఒకసారి తట్టారు. టక్కుమంది.

"చెక్క కొనేవాళ్ళ వ్యాను గేటు దాకా వచ్చేసింది" అన్నారు, నాతో కాదు, ఆ ముక్కతో. "వాడు నవ్వుతున్నాడు. 'నాన్నా, ఈసారి నేనెత్తుతా, దూది కొడుకు కూడా దూదే అని వాళ్ళు అనుకోవాలి' అన్నాడు. నాకు సంతోషమేసింది. తట్టి చూడాలి. నలభై ఏళ్ళలో తట్టకుండా దేన్నీ ముట్టుకోలేదు. ఆ ఒక్కసారి... వాళ్ళు వ్యాను దిగుతున్నారు, తట్టడం వినపడితే తమాషా తెలిసిపోతుందని... లాగేశా. అడ్డుచెక్క లాగేశా. 'భుజం పట్టరా, బరువేం ఉండదు' అన్నా."

అడ్డుచెక్కని ఒళ్ళో బోర్లించారు.

"వాడు విన్న ఆఖరి మాట అదేనమ్మా. నన్ను నమ్మి భుజం పెట్టాడు. దొర్లుతుంటే నేను కాలు అడ్డం పెట్టా. ఆలస్యమైపోయింది."

గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. దుంగ ఆయన లేని పాదం మీద ఉంది. నా చేతులు నా వెనక ఉన్నాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్తాను. ఆ దుంగని అలాగే వదిలేసి వెళ్ళిపోవాలనిపించింది. జన్మంతా దాని కిందే ఉండనీ, మోకాలు బిగుసుకుపోనీ అనిపించింది. ఆయన కూడా తియ్యమని మళ్ళీ అడగలేదు. నేను వెళ్ళిపోతే అది న్యాయమే అన్నట్టు తలొంచుకుని కూర్చున్నారు. గడియారం ఎంతసేపు కొట్టుకుందో తెలీదు. మా పెళ్ళి కుర్చీని తట్టిన వేళ్ళు ఒళ్ళో అడ్డుచెక్కని పట్టుకుని ఉన్నాయి. ఆ వేళ్ళనే చూస్తూ ఉన్నాను.

"మామయ్యా. ఇటు చూడండి" అన్నాను చివరికి. "నేను ఎత్తుతున్నాను. కళ్ళు మూసుకోకండి. బరువేం ఉండదు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆయన ఉలిక్కిపడ్డారు. కళ్ళు మూయలేదు. నేను వంగి దుంగ కింద రెండు చేతులూ వేసి నెమ్మదిగా లేపాను. అది ఆ చోటు మీంచి జానెడు లేచింది. మూరెడు లేచింది. భుజానికెత్తుకుని నిలబడ్డాను. ఆయన నా భుజం వైపు, తర్వాత కిందికి, ఏమీ లేని నేల వైపు చూశారు. నోరు తెరిచి ఊపిరి పీల్చారు. మడుచుకుని ఉన్న మోకాలు కొద్దికొద్దిగా సాగుతూ వచ్చింది.

"వేళ్ళు కదుల్తున్నాయమ్మా" అన్నారు, చిన్నపిల్లాడిలా.

అప్పుడే కాలు తొడిగాను. నిలబడ్డారు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేశారు. రెండో అడుగు సరిగ్గా ఆ చోటు మీదే పడింది. ఆయన గమనించలేదు. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, అడ్డుచెక్కని నా చేతికిచ్చారు.

"మీ అత్తయ్యకి..." అని ఆగిపోయారు. అడగడానికి ఆయనకి మొహం చెల్లలేదు. నేను దాన్ని సంచిలో వేసుకున్నాను.

దుంగని బయట ఆగి ఉన్న వ్యాను ఎక్కించి వర్క్‌షాపుకి పంపేశాను. అత్తయ్య వచ్చేసరికి మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో కూరల సంచి జారి టమోటాలు మెట్ల మీద దొర్లిపోయాయి. ఒకపక్క ఏడుస్తూ, ఒకపక్క నవ్వుతూ, "ఇన్నాళ్ళూ నన్నెందుకు చంపుకు తిన్నారు?" అని ఆయన్ని తిట్టింది. నా మొహమంతా నిమిరింది. సాయంత్రం దాకా ఇంట్లో టక్ టక్ అనే చప్పుడు లేదు. అడుగుల చప్పుడే ఉంది.

సాయంత్రం వంటగదిలో అత్తయ్య పొయ్యి తగ్గించి, తలుపు దగ్గరికి వేసి, నా పక్కకి వచ్చి నిలబడింది.

"నీతో ఏమైనా చెప్పారా?"

"ఏం అత్తయ్యా?"

"వాడి సంగతే. ఆ రోజు ఎలా జరిగిందని. నాకెప్పుడూ మొహం చూసి చెప్పలేదే. నేనూ తరచి అడగలేదు. నీకు చెప్పుంటారేమో అని." గరిటె గట్టు మీద పెట్టింది. "ఏదైనా ఫర్వాలేదు, చెప్పు. తెలిస్తే చాలు."

తెలుసుకునే హక్కు ఆవిడకుంది. నాకున్నంత ఉంది, నాకన్నా ఎక్కువే ఉంది. పక్క గదిలో మామయ్య నడుస్తున్నారు. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు గట్టిగా. మా మాటలు వినపడ్డట్టున్నాయి, ఆ అడుగులు ఆగిపోయాయి. గోడకి అవతల ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నేను ఒక్క మాట చెప్తే ఆ అడుగులు మళ్ళీ ఈ ఇంట్లో వినపడవు.

"దుంగ జారిందట అత్తయ్యా" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత తల ఊపి, పొయ్యి పెద్దది చేసింది. గోడకి అవతల అడుగులు మళ్ళీ మొదలయ్యాయి.

ఇది జరిగి ఏడాది దాటింది. మామయ్య ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరిదాకా వెళ్ళొస్తారు. దేన్నీ తట్టరు. అడ్డుచెక్క నా సంచి అడుగున ఉంది, నా గోటి గుంటతో సహా. అత్తయ్య పొద్దున్నే మంచం దగ్గర చీపురు వంకర తిప్పకుండా తిన్నగా ఊడ్చేస్తుంది. వచ్చిన చుట్టాలు ఆ చోటులో కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

అక్కడికి రాగానే పక్కకి తప్పుకుని నడిచేది ఇప్పుడు నేనొక్కదాన్నే.